బెంగళూరులో వికలాంగుల ఉద్యోగ శిక్షణ: ఎవరి దగ్గరికి వెళ్ళాలి, ఏం అడిగి చేరాలి

హిందూపురం నుంచి, ధర్మవరం నుంచి, మదనపల్లె నుంచి నెలకు ఒకటో రెండో ఫోన్లు వస్తుంటాయి నాకు. “అక్కా, మీ తమ్మునికి బెంగళూరులో ఉద్యోగం వచ్చిందంట కదా, మా వాణ్ణి కూడా యాడన్నా చేర్పిచ్చు” అంటారు. ఏదో ఒక సంస్థ పేరు చెబితే చాలనుకుంటారు. నేను అలా చెప్పలేను. మా తమ్ముడికి పనికొచ్చిన చోటు చూపు లేని అమ్మాయికి పనికిరాకపోవచ్చు. చదువు మందకొడిగా సాగిన పిల్లవాడికి అసలు తలుపే తెరవకపోవచ్చు. అందుకే నేను చూసినవి, అడిగి తెలుసుకున్నవి అన్నీ ఒకచోట రాస్తున్నాను.

ముందు మా ఇంటి సంగతి. మా తమ్ముడికి పుట్టుకతోనే వినపడదు. బధిరుల బడిలో పది పాసయ్యాడు. నేను పెళ్ళయి బెంగళూరులోని కేఆర్ పురం వచ్చాక వాణ్ణి కూడా పిలిపించుకున్నాను. మొదట చేర్పించిన కేంద్రంలో రెండు నెలల ఉచిత శిక్షణ. హాస్టలు, భోజనం వాళ్ళదే. కంప్యూటర్‌లో టైపింగ్, కాస్త ఇంగ్లీషు, ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలో నేర్పారు. చివరి రోజు అందరి చేతుల్లో ఆఫర్ లెటర్లు పెట్టి గ్రూప్ ఫోటో తీశారు. అమ్మ దాన్ని ఫ్రేము కట్టించి టీవీ పక్కన పెట్టింది. ఉద్యోగం ఒక గోడౌన్‌లో ప్యాకింగ్. 47వ రోజున మానేసి ఇంటికొచ్చాడు.

ఎందుకు మానేశాడో కాగితం మీద రాయించి తెలుసుకోవడానికి నాకు వారం పట్టింది. షిఫ్టు టైము మారినప్పుడల్లా సూపర్‌వైజర్ పొద్దున్నే అందరినీ వరసగా నిలబెట్టి నోటితో చెప్పేవాడట. అందరూ తల ఊపితే వీడూ ఊపేవాడు. మర్నాడు పాత టైముకే వెళ్ళేవాడు. రెండుసార్లు ఆబ్సెంట్ వేశారు, మూడోసారి గేటు దగ్గరే ఆపేశారు. శిక్షణ ఇచ్చిన కేంద్రానికి ఫోన్ చేస్తే “మీ వాడికి ప్లేస్‌మెంట్ అయిపోయింది కదమ్మా, ఇప్పుడు వేరే బ్యాచ్ నడుస్తోంది” అన్నారు. వాళ్ళ లెక్కలో మా తమ్ముడు ఉద్యోగం దొరికినవాడే.

ఏడాది తర్వాత ఇంకో సంస్థ ద్వారా అలాంటి పనిలోనే చేరాడు. ఈసారి చేరిన మొదటి వారం సైగల భాష తెలిసిన ఒకాయన వాడితో పాటు ఫ్యాక్టరీకి వచ్చాడు. షిఫ్టు మార్పులు బోర్డు మీద రాయాలని, గ్రూపులో మెసేజ్ పెట్టాలని సూపర్‌వైజర్‌తో మాట్లాడి ఒప్పించాడు. పక్క టేబుల్ కుర్రాళ్ళిద్దరికి ఓ ముప్పై సైగలు నేర్పాడు. టీ, టిఫిన్, లోడు, ఆగు, తప్పు, ఇంచార్జి పిలుస్తున్నాడు, ఇలాంటివి. మనిషి వాడే, పని దాదాపు అదే. ఇప్పటికి మూడేళ్ళు దాటింది, అక్కడే ఉన్నాడు.

అడగాల్సిన మొదటి ప్రశ్న

అందుకే ఏ సంస్థకు వెళ్ళినా “ఎంతమందికి ఉద్యోగాలు ఇప్పించారు?” అని అడగొద్దు. ఆ అంకె ఎప్పుడూ పెద్దదే చెబుతారు. “పోయిన ఏడాది చేరినవాళ్ళలో ఇప్పటికీ ఆ పనిలో ఉన్నవాళ్ళు ఎంతమంది? మా వాడు చేరాక ఇబ్బంది వస్తే మీ నుంచి ఎవరు వస్తారు, ఎన్నాళ్ళ వరకు వస్తారు?” అని అడగండి. జవాబు చెప్పే తీరులోనే సగం తెలిసిపోతుంది. ఒక చోట నేనీ మాట అడిగితే, అక్కడి మేడమ్ రిజిస్టర్ తీసి ఎవరు మానేశారో, ఎందుకు మానేశారో పేర్లు మూసి చూపించింది. మానేసినవాళ్ళ లెక్క కూడా దాచకుండా చెప్పినవాళ్ళను నేను నమ్ముతాను.

ముందు శిక్షణ, తర్వాత ఉద్యోగం

ఎక్కువ సంస్థల పద్ధతి ఇదే. ఒకటి నుంచి మూడు నెలలు నేర్పించి, కంపెనీలను పిలిపించి ఇంటర్వ్యూలు పెట్టిస్తారు. బెంగళూరులో దీనికి పాత పేర్లే ఉన్నాయి. లింగరాజపురంలోని అసోసియేషన్ ఆఫ్ పీపుల్ విత్ డిజెబిలిటీని 1959లో ఎన్.ఎస్. హేమ మొదలుపెట్టారు. ఏపీడీ అంటే అక్కడ ఎవరైనా దారి చూపిస్తారు. కంప్యూటర్ పనులతో పాటు మొక్కల పెంపకంలో కూడా వాళ్ళు శిక్షణ ఇస్తారు. కుర్చీ పని ఇష్టం లేక మట్టి పని ఇష్టపడే పిల్లలకు అది పెద్ద దారి. హెచ్ఎస్ఆర్ లేఔట్‌లోని సమర్థనం ట్రస్ట్ 1997లో మొదలైంది. స్థాపకులు మహంతేశ్‌కు చూపు లేదు. హైదరాబాద్‌లో పుట్టిన యూత్4జాబ్స్ పేరు మన ఊళ్ళలో చాలామంది విన్నదే.

కాళ్ళకో చేతులకో వైకల్యం ఉండి, మాట బాగా వచ్చి, పది లేదా ఇంటర్ చదివిన పిల్లలకు ఈ పద్ధతి బాగానే సరిపోతుంది. వాళ్ళకు కావాల్సింది ముఖ్యంగా ధైర్యం, కాస్త కంప్యూటరు, ఒక పరిచయం. మెట్లు లేని ఆఫీసు, పనికొచ్చే టాయిలెట్ ఉంటే తర్వాత వాళ్ళ దారి వాళ్ళే చూసుకుంటారు.

తెలుగు పిల్లలకు ఒక ఇబ్బంది ఉంది. దాన్ని ఎవరూ ముందుగా చెప్పరు. ఇక్కడ క్లాసులు కన్నడంలోనో ఇంగ్లీషులోనో జరుగుతాయి. మూడు రోజులు వెనక బెంచీలో కూర్చుని నాలుగో రోజు “వాళ్ళు చెప్పేది అర్థం కావట్లేదు” అని బస్సెక్కేసిన పిల్లలను నేనెరుగుదును. భాష దగ్గరే భయపడే పిల్లవాడైతే శిక్షణ హైదరాబాద్‌లోనో మన జిల్లాలోనో తీసుకుని, ఉద్యోగానికి మాత్రమే బెంగళూరు రావడం మేలు. వినపడని పిల్లలకు లెక్క వేరు. వాళ్ళకు కన్నడమైనా తెలుగైనా ఒకటే. భారతీయ సైగల భాష వచ్చా రాదా అన్నదే అసలు సంగతి. ఇంట్లో చేసుకునే సైగలు బయట పనిచేయవు. మా తమ్ముడు ఇక్కడికొచ్చిన మొదటి నెల నేర్చుకున్నదంతా అదే. శిక్షణలో సైగల భాష క్లాసు ఉందా, లేక తెలుసనుకుని నేరుగా కంప్యూటర్ ముందు కూర్చోబెడతారా అని తప్పక అడగండి.

కంపెనీ లోపలికి వచ్చే సంస్థలు

రెండో రకం సంస్థలు మనిషితో ఎంత పని చేస్తాయో కంపెనీతోనూ అంత పని చేస్తాయి. ఈ పని ఎవరు చేయగలరు, దానికి ఏ మార్పు కావాలి, మేనేజర్‌కు ఏం నేర్పాలి అని చూస్తాయి. బెంగళూరులో ఇనేబుల్ ఇండియా ఈ దారిలో ముందు నుంచీ ఉంది. కోరమంగలలో ఉంటుంది. శాంతి రాఘవన్, దీపేశ్ సుతారియా 1999లో మొదలుపెట్టారు. చూపు పోతున్న తన తమ్ముడికి తోడు నిలవడంతో శాంతి గారి ప్రయాణం మొదలైందని చదివినప్పుడు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తమ్ముడున్న అక్కను కదా.

ఈ పద్ధతి విలువ చూపు లేనివాళ్ళ దగ్గర బాగా కనిపిస్తుంది. మాకు తెలిసిన కర్నూలు అమ్మాయి డిగ్రీ చదివింది. తెర మీదున్నది చదివి వినిపించే ఎన్వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ మీద చేతులు అలవోకగా ఆడతాయి. శిక్షణలో ఆమే ఫస్టు. ఉద్యోగంలో చేరిన రోజు కంపెనీ వాళ్ళ సొంత సాఫ్ట్‌వేర్ తెరిచింది. స్క్రీన్ రీడర్ “బటన్... బటన్... బటన్” అని తప్ప ఇంకేమీ చెప్పలేదు. సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళు ఏ బటన్‌కూ పేరు పెట్టలేదు. చూపున్నవాళ్ళకు బొమ్మ కనిపిస్తుంది, ఆమెకు వినిపించడానికి అక్కడ ఏమీ లేదు. పది రోజులు ఆమె ఖాళీగా కూర్చుంది. పని రాదేమోనని టీమ్‌లో అనుకున్నారు. తనను పంపిన సంస్థ నుంచి ఒకరు వచ్చి, ఐటీ వాళ్ళతో కూర్చుని ఆ బటన్లకు పేర్లు పెట్టించారు. రెండు రోజుల పని అది. ఆ రెండు రోజుల పని చేయించేవాళ్ళు లేకపోతే ఆమె కూడా మా తమ్ముడిలాగే ఇంటికి తిరిగొచ్చేది.

ఈ అనుభవం వల్ల చూపు లేని పిల్లల తల్లిదండ్రులకు ఒకటే చెబుతున్నాను. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టే ముందు, రోజూ వాడబోయే సాఫ్ట్‌వేర్‌ను ఒక గంట స్క్రీన్ రీడర్‌తో వాడి చూడనివ్వమని అడగండి. మంచి సంస్థ ఆ ఏర్పాటు తానే చేస్తుంది. అడిగినా చేయించలేకపోతే వాళ్ళకు ఆ కంపెనీతో పరిచయం పైపైనే అని అర్థం.

ఇలాంటి చోట్ల సీటు దొరకడానికి సమయం పడుతుంది. మీ వాడికి తగిన పని కోసం మూడు నాలుగు నెలలు ఆగమనొచ్చు. ఇంట్లో వాళ్ళకు అది కష్టంగానే ఉంటుంది. అయినా వినపడనివాళ్ళకు, చూపు లేనివాళ్ళకు నేను దీన్నే ముందు పెడతాను.

మానసిక అనారోగ్యం ఉన్నవాళ్ళ విషయంలో

మానసిక జబ్బుకు మందులు వాడుతున్నవాళ్ళను “ముందు పూర్తిగా కుదుటపడనీ, తర్వాత ట్రైనింగ్, ఆ తర్వాత ఉద్యోగం” అని ఇళ్ళలో ఏళ్ళ తరబడి కూర్చోబెడతారు. ఇది తప్పని తేలింది. 1990లలో అమెరికాలో పరిశోధకులు రాబర్ట్ డ్రేక్, డెబోరా బెకర్ వేరే పద్ధతి తెచ్చారు. మనిషి పని చేస్తానంటే చాలు, త్వరగా అసలైన ఉద్యోగంలో పెట్టి, ఉద్యోగంలో ఉండగానే తోడు నిలిచి నేర్పించడం. వైద్యం చేసేవాళ్ళు, ఉద్యోగం చూసేవాళ్ళు ఒకే జట్టుగా ఉండడం. తర్వాత పలు దేశాల్లో పరీక్షించి చూస్తే, పాత పద్ధతి కంటే దాదాపు రెట్టింపు మంది బయటి ఉద్యోగాల్లో చేరారు. బెంగళూరులో మానసిక వైద్యానికి పేరున్న నిమ్హాన్స్ ఆసుపత్రి ఉండడం మన అదృష్టం. అక్కడి మానసిక పునరావాస విభాగంలో అడగండి. వేరే సంస్థకు వెళ్ళినా “మా డాక్టర్‌తో మాట్లాడతారా?” అన్నదే అక్కడ మీ మొదటి ప్రశ్న కావాలి. అక్కర్లేదన్నవాళ్ళ దగ్గర చేర్చొద్దు.

వికలాంగులే ఎక్కువగా పనిచేసే చోట్లు

కొన్ని సంస్థలు ఎక్కువగా వికలాంగులకే పని ఇస్తాయి. 2006లో పవిత్ర గారు మొదలుపెట్టిన వింధ్య ఈ-ఇన్ఫోమీడియా అలాంటి బీపీఓ, అంటే వేరే కంపెనీల ఆఫీసు పనులు చేసిపెట్టే సంస్థ. అలీనా ఆలం 2017లో మొదలుపెట్టిన మిట్టీ కఫే ఇంకొకటి. బెంగళూరు విమానాశ్రయంలో కూడా వాళ్ళ కఫే ఉంది. ఎదుగుదల మందగించిన పిల్లలు కాఫీ చేతికిచ్చి, డబ్బులు తీసుకుని, థాంక్యూ చెప్పడం అక్కడ చూడొచ్చు. ఇలాంటి చోట ప్రతిదీ విడమరిచి అడుక్కోవాల్సిన పని ఉండదు. అందరికీ అర్థమవుతుంది. ఇంటి గడప దాటని పిల్లలకు మొదటి ఉద్యోగంగా ఇంతకంటే మంచి చోటు ఉండదనిపిస్తుంది నాకు. చదువుకున్న పిల్లలైతే రెండేళ్ళ తర్వాత ఎక్కడికి వెళ్ళొచ్చు, పైమెట్టు ఏమిటి అని ముందే మాట్లాడుకోండి.

ప్రభుత్వం వైపు

కేంద్ర కార్మిక శాఖ కింద వికలాంగుల కోసం నేషనల్ కెరీర్ సర్వీస్ సెంటర్ బెంగళూరులో ఉంది. పాతవాళ్ళు వీఆర్సీ అంటారు. ఏ పనికి తగినవాళ్ళో పరీక్షించి చెబుతారు, కొన్ని వృత్తుల్లో శిక్షణ ఇస్తారు. జాబ్ మేళాలు కూడా జరుగుతుంటాయి. వెళ్తే నష్టం లేదు, కానీ మేళాలో దొరికిన ఉద్యోగానికి వెనక నిలబడేవాళ్ళు ఉండరని గుర్తుపెట్టుకోండి. సొంతంగా కొట్టు పెట్టుకోవాలనుకునేవాళ్ళు దివ్యాంగజన్ ఆర్థికాభివృద్ధి సంస్థ రుణాల గురించి తెలుసుకోవాలి.

సర్కారు ఉద్యోగమే కావాలంటే 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 4 శాతం రిజర్వేషన్ ఉంది. చూపుకు 1, వినికిడికి 1, శరీర వైకల్యానికి 1. ఆటిజం, బుద్ధిమాంద్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలకు కలిపి 1. సర్టిఫికెట్‌లో కనీసం 40 శాతం ఉండాలి. రాయలేనివాళ్ళకు రాసిపెట్టే మనిషి, గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇస్తారు. బెంగళూరులో ఉంటున్నాం కదా అని కర్ణాటక ఉద్యోగాల వెంట పడితే కన్నడం దగ్గర ఆగిపోతాం. మనవాళ్ళు బ్యాంకులు, రైల్వే, స్టాఫ్ సెలక్షన్ పరీక్షలు, సొంత రాష్ట్రం ఉద్యోగాలు చూసుకోవాలి. ఒకటి రెండేళ్ళు చదివే ఓపిక, ఇంట్లో ఆ వెసులుబాటు ఉంటేనే ఈ దారి.

చట్టం మన చేతిలో ఏం పెట్టింది

ఆ చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 20 మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న ప్రైవేటు కంపెనీ కూడా సమాన అవకాశాల విధానాన్ని రాసి ప్రకటించాలి. వికలాంగ ఉద్యోగుల సంగతి చూసే లైజాన్ ఆఫీసర్‌ను పెట్టాలి. “మీ కంపెనీలో ఆ ఆఫీసర్ ఎవరండీ?” అని ఇంటర్వ్యూ అయ్యాక మర్యాదగా అడగండి. పేరు వెంటనే చెప్పారంటే కాస్త నమ్మకం పెట్టుకోవచ్చు.

మన ఊళ్ళో తీసుకున్న వైకల్య సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుంది. ఇక్కడ మళ్ళీ పరీక్షలు చేయించుకోవాలని ఎవరైనా అంటే నమ్మొద్దు. సదరం కాగితంతో పాటు యూడీఐడీ కార్డు (దేశమంతటికీ ఒకటే వైకల్య గుర్తింపు కార్డు) కూడా తీసుకునే బస్సెక్కండి. ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ఆరోగ్య బీమా విషయంలో చాలా హెచ్ఆర్‌లకే తెలియని సంగతి ఒకటుంది. మామూలు ఉద్యోగికి నెల జీతం 21,000 వరకే ఈఎస్ఐ వర్తిస్తుంది, వికలాంగులకు 25,000 వరకు వర్తిస్తుంది.

పింఛను, జీతం, దూరం

ఇళ్ళలో అసలు టెన్షన్ పింఛను గురించే. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో వికలాంగుల పింఛను 3,000 నుంచి 6,000 అయింది. ఒకటో తారీఖున ఇంటికొచ్చి చేతిలో పెట్టే డబ్బు అది. ఉద్యోగంలో చేరితే అది పోతుందేమో, తీరా ఉద్యోగం నిలవకపోతే రెంటికీ చెడతామేమో అని తల్లులు భయపడతారు. ఆ భయాన్ని నేను తప్పుపట్టను. మా అమ్మకు కూడా ఉండేది. చేరకముందే సచివాలయానికి వెళ్ళి ఇంటి ఆదాయం లెక్క ఎలా చూస్తారో, ఊరు వదిలి ఉంటే పింఛను ఎలా తీసుకోవాలో అడిగి రాసుకోండి. ఈ ప్రశ్న మీరు ఎత్తకుండానే తానే ఎత్తి మాట్లాడిన శిక్షణ సంస్థకు మన ఇళ్ళ సంగతి తెలుసన్నమాట.

జీతం అంకె చూసి మురిసిపోవద్దు. మా తమ్ముడికి ఒకేసారి రెండు చోట్ల పిలుపొచ్చింది. వైట్‌ఫీల్డ్ అవతల 16,000, ఇంటికి నడిచి వెళ్ళే దూరంలో 14,000. నడిచి వెళ్ళేదే తీసుకున్నాం. చక్రాల కుర్చీ వాడేవాళ్ళకు ఇది ఇంకా ముఖ్యం. మెట్రో స్టేషన్లలో లిఫ్ట్ ఉంటుంది. స్టేషన్ నుంచి ఆఫీసు గేటు దాకా ఉన్న ఆ అర కిలోమీటరులో లేచిపోయిన పలకలు, ఫుట్‌పాత్‌కు అడ్డంగా పెట్టిన బండ్లు, పైకెక్కడానికి అడుగు ఎత్తు గట్టు. చేరకముందు ఒక పనిరోజు ఉదయం తొమ్మిదింటికి ఆ దారిలో ఒకసారి వెళ్ళి చూడండి. ఆదివారం చూస్తే ఏమీ తెలియదు. పీజీలో ఉండాల్సి వస్తే గది కంటే ముందు బాత్రూమ్ తలుపు వెడల్పు చూడండి.

చేరేముందు ఒక పూట

సంస్థను ఎంచుకునేటప్పుడు ఫోన్‌లో తేల్చుకోకండి. పిల్లవాణ్ణి తీసుకుని ఒక పూట వెళ్ళి క్లాసులో కూర్చోండి. టీచరు పిల్లవాడితో మాట్లాడుతున్నారా, మీతోనే మాట్లాడుతున్నారా చూడండి. మా తమ్ముడు పక్కనే ఉండగా “అతనికి ఏం ఇష్టం?” అని నన్నడిగిన చోట మేం చేరలేదు. కాగితం, పెన్ను వాడి ముందు పెట్టినవాళ్ళ దగ్గరే చేరాం. డబ్బు కట్టమంటే దేనికో రాసివ్వమనండి. అసలు సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకుంటామంటే ఒప్పుకోవద్దు, జిరాక్సులు చాలు.

అన్నిటికంటే ముఖ్యంగా, అక్కడి నుంచి ఉద్యోగంలో చేరి ఏడాది దాటినవాళ్ళు ఒక్కరితో మాట్లాడించమని అడగండి. మేనేజర్లతో కాదు, పనిచేసే పిల్లలతో. మీ వాడు వినపడనివాడైతే మా తమ్ముడికి వీడియో కాల్ చేయించమని నాకు చెప్పండి. ఆదివారం సాయంత్రాలు వాడు ఖాళీగానే ఉంటాడు. సైగల భాష సరిగా రాని పిల్లలతోనైనా గంటసేపు ఓపికగా మాట్లాడతాడు, బోర్డు సంగతి మాత్రం చెప్పకుండా వదలడు.